ఎడమ చెవికి సముద్రం, కుడి చెవికి విమానం

మా వారికి రేడియోల పిచ్చి ఉందని పెళ్లిచూపుల్లో ఎవరూ చెప్పలేదు. "మస్కట్‌లో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు, సిగరెట్టు కూడా ముట్టడు" అన్నారు. అజైబాలో ఇంట్లో అడుగుపెట్టిన రోజున హాల్లో ఒక బల్ల, దాని మీద మూడు రేడియోలు, వాటి వెనకాల గోడ పొడుగునా తీగలు కనిపించాయి. మా సామాను పెట్టుకోవడానికి ఆ బల్ల కింద కాస్త చోటు మాత్రం మిగిలింది.

డెబ్బైల మధ్యనాటి మాట. అప్పటికి అజైబా అంటే ఇసుకలో దూరం దూరంగా విసిరేసినట్టున్న ఇళ్లు. ఒకవైపు సముద్రం, మరోవైపు కొత్తగా వచ్చిన విమానాశ్రయం. మా వారు ఆ రెంటినీ చూసే ఇల్లు తీసుకున్నారట. కిటికీలోంచి చూడ్డానికి కాదు, వినడానికి.

మూడు రేడియోల్లో ఒకటి షార్ట్‌వేవ్. గాలి అనుకూలిస్తే దాంట్లో హైదరాబాదు నుంచి తెలుగు వినిపించేది. మిగతా రెండూ స్వదేశం వెళ్లిపోతున్న ఒక ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర కొన్నవి. వాటిని స్కానర్లు అనేవారు. నాలుగైదు స్టేషన్లను ఎర్ర దీపాలు వెలిగించుకుంటూ వరసగా తడిమి, ఎక్కడ మాట వినిపిస్తే అక్కడ ఆగే పెట్టెలు. మాట అయిపోగానే మళ్లీ తడుముకోవడం మొదలు. ఒకదాంట్లో పైలట్ల మాటలు వచ్చేవి, ఇంకోదాంట్లో పడవల వాళ్ల మాటలు.

"ఒకళ్ల మాటలు చాటుగా వినడం తప్పు కాదా అండీ?" అని అడిగాను మొదటి వారంలోనే.

"చాటుగా ఏముంది? వాళ్లే గాల్లోకి వదిలారు" అన్నారు.

మూడూ ఒకేసారి మోగితే ఇల్లు చేపల బజారులా ఉండేది. పైగా ఒక్కోదాని గొంతు ఒక్కో మూలనుంచి. ఆయన ఒక మూలకు పరిగెత్తేలోపు ఇంకో మూల మాట అయిపోయేది. అందుకని మూడింటినీ కలిపి ఒకే స్పీకర్లోంచి వినాలని సంకల్పించారు.

మొదటి ప్రయత్నం చాలా సులువుగా జరిగిపోయింది. మూడు రేడియోల తీగలూ జడ అల్లినట్టు అల్లి ఒక స్పీకరుకు తగిలించారు. స్కానర్లు రెండూ నీరసంగా మూలిగాయి. షార్ట్‌వేవ్ సెట్టు కాసేపు గొణిగి, కాలిన వాసన వదిలి, పూర్తిగా మూగబోయింది. నా తెలుగు పోయింది. నేను రెండు రోజులు మాట్లాడలేదు.

"ఒకదాని బలం ఇంకోదాని మీద పడిందోయ్. స్పీకర్లోకి వెళ్లాల్సింది ఎదురు తిరిగి పక్క రేడియోలోకి వెళ్లింది" అని ఆయన నాకు వివరించారు. "మా ఉమ్మడి కాపురంలో కూడా అంతే" అన్నాను, మౌనవ్రతం మర్చిపోయి.

షార్ట్‌వేవ్ బాగుపడ్డాక రెండో ప్రయత్నం. ఈసారి ఒక్కో తీగకూ ఒక్కో రెసిస్టరు పెట్టారు, ఎవరి బలం వాళ్ల దగ్గరే ఆగడానికి. కాలిన వాసన రాలేదు గాని తేనెటీగల తుట్టె కదిలినట్టు జుమ్మని ఒకటే రొద. ఆ రొదతో ఆయన నెల రోజులు పోరాడారు. కరెంటు ప్లగ్గులు మార్చారు, తీగలు మార్చారు, నన్ను ఫ్రిజ్జు ఆపమన్నారు. నెయ్యి కరిగిపోయిన రోజున ఫ్రిజ్జు జోలికి రావద్దని చెప్పేశాను. చివరికి పాడైపోయిన ట్రాన్సిస్టర్ల పొట్టల్లోంచి అగ్గిపెట్టెలో సగం ఉండే ట్రాన్స్‌ఫార్మర్లు మూడు పీకి, ఒక్కో రేడియోకీ స్పీకరుకీ మధ్యన ఒకటి పెట్టారు. రొద పోయింది. ఇదంతా ఒక ఖర్జూరం డబ్బాలో అమర్చి, పైన మూడు గుబ్బలు బిగించారు, దేని గొంతు ఎంత పెంచాలో తిప్పుకోవడానికి.

ఆ శుక్రవారం ప్రదర్శన. ప్రేక్షకులు నలుగురు. నేను, మా పక్క స్థలంలో ఇల్లు కడుతున్న ముగ్గురు కరీంనగర్ మేస్త్రీలు. ఆ ముగ్గురూ ప్రతి శుక్రవారం తెలుగు వినడానికి మా ఇంటికి వచ్చేవారు, అన్నం తిని వెళ్లేవారు. వాళ్లలో పెద్దాయన నిదానస్తుడు. ఇంకొకాయనకు పాటలొచ్చు. మూడో ఆయన నోరు మూతపడదు.

మా వారు మీట నొక్కారు. ఒకే స్పీకర్లోంచి మూడు లోకాలూ ఒక్కసారి పలికాయి. తెలుగులో ఒకావిడ వరిపైరుకు పురుగుమందు ఎంత కలపాలో చెబుతోంది, మధ్యలో పైలటు దిగడానికి అనుమతి అడుగుతున్నాడు, ఎవరో సముద్రం మీద డీజిల్ గురించి అరుస్తున్నారు.

నోరు మూతపడని ఆయన కాసేపు విని, "సార్, పురుగు మందు ఏసేది వరికా, ఇమానానికా?" అన్నాడు.

పాటల ఆయన పకపకా నవ్వాడు. మా వారి మొహం చిన్నబోయింది.

వాళ్లు వెళ్లాక నాకు జాలేసి చెప్పాను. "కాకినాడలో మా వంటింట్లో ఒకేసారి ఐదుగురు ఆడవాళ్లు మాట్లాడేవారండీ. ఒక్క మాట కూడా పోయేది కాదు నాకు. ఎందుకంటే పెద్దత్తయ్య గొంతు పొయ్యి దగ్గర్నించి వచ్చేది, పిన్ని గొంతు నూతి వైపు నుంచి, మా అమ్మది రోలు దగ్గర్నించి. అందరినీ ఒకే కుర్చీలో కూచోబెడితే ఎలా తెలుస్తుంది?"

పెళ్లయ్యాక మొదటిసారి ఆయన చూపులో అంత గౌరవం చూశాను. ఆ సాయంత్రమే డబ్బా విప్పేశారు. రెండు చెవులకూ వేరువేరుగా పలికే పెద్ద హెడ్‌ఫోన్లు ఒక జత తెచ్చి, సముద్రాన్ని ఎడమ చెవికి, విమానాన్ని కుడి చెవికి పంపించారు. షార్ట్‌వేవును రెండు వైపులా సమానంగా పంచితే తెలుగు సరిగ్గా నా నడినెత్తి మీద కూర్చుంది. పెట్టుకుని చూస్తే నిజంగా మా వంటిల్లే. ఎవరి చోట వాళ్లున్నారు, ఎవరి మాట వాళ్లది. నేను నడుమ తెలుగు వింటూ కూర తరుక్కోవచ్చు, కావాలంటే పక్కకు చెవి పెట్టొచ్చు.

ఆయన వంటింటి దాకా పొడుగు తీగ వేశారు. కొద్ది రోజులకు ఆయన కంటే నేనే ఎక్కువ వినడం మొదలుపెట్టాను. ఏ పైలటు విసుగుదల మనిషో, ఏ పడవ వాడు పెళ్లాం కోసం తొందరపడుతున్నాడో నాకు తెలిసేది. ఆయన ఆఫీసు నుంచి వచ్చాక వార్తలు నేను చెప్పేదాన్ని.

ఒక శుక్రవారం మేస్త్రీలు రాలేదు. తీరం వెంట ఇంకా ముందుకు వెళితే వచ్చే సువైక్‌లో చేపల జెట్టీ పని తొందరగా కావాలని కంపెనీ వాళ్లను ముందు రోజే తీసుకుపోయిందనీ, ఆ పొద్దున్నే సీబ్ ఒడ్డు నుంచి లాంచీలో బయల్దేరి ఉంటారనీ వాళ్ల క్యాంపు వంటమనిషి చెప్పాడు. ముగ్గురి కోసం నానబెట్టిన బియ్యం అలాగే ఉండిపోయాయి.

పదకొండు గంటల వేళ నేను చెవులకు తగిలించుకుని పులుసు పెడుతున్నాను. నడినెత్తి మీద తెలుగు నాటకం నడుస్తోంది. హాల్లోంచి మా వారి కేక వినిపించింది.

"ఇదిగో, పడవల స్కానరు మొండికేసింది. ఒకే దీపం దగ్గర ఆగిపోయి కదలడం లేదు. ఎవడో మైకు మీట నొక్కి వదలడం మర్చిపోయాడు. దీన్ని తీసేస్తున్నా."

"ఉండండి!" అన్నాను. "ఎడమ చెవిలో తెలుగు వస్తోంది."

"నాటకమోయ్ అది."

"నాటకం నడుమ కదా వచ్చేది. ఇది ఎడమవైపు. సముద్రంలోంచి."

ఆయన నమ్మలేదు. షార్ట్‌వేవ్ గుబ్బ పూర్తిగా తగ్గించారు. నాటకం ఆగిపోయింది, ఎడమ చెవిలో మాటలు ఆగలేదు. గోనెసంచిలోంచి మాట్లాడుతున్నట్టు ముద్దగా ఉన్నాయి, కాని ఆ గొంతులు నాకు తెలుసు.

"ఇంజను మల్ల బందైంది. నఖుదా పొద్దటి సంది గుంజుతనే ఉన్నడు." ఇది పెద్దాయన. నఖుదా అంటే లాంచీ నడిపే ముసలాయన.

"రేడియోల చెప్పిండు గద. ఎవలన్న వస్తరు తియ్యి." ఇది పాటల ఆయన.

"ఏడ? గా డబ్బా ఉల్కుతలేదు, పల్కుతలేదు. సచ్చినట్టుంది." ఇది నోరు మూతపడని ఆయన.

డబ్బా చావలేదు. నేను ఆ మాటలు చెప్పగానే మా వారు విషయం గ్రహించారు. నఖుదా మాట్లాడి మైకును ఎక్కడో సంచుల మధ్య పడేసి ఉంటాడు. మీట నొక్కుకుపోయింది. నొక్కినంత సేపూ వాళ్ల మాట లోకానికి వినిపిస్తుంది, లోకం మాట వాళ్లకు వినిపించదు. పైగా ఆ స్టేషన్లో ఇంకెవరూ మాట్లాడలేరు. తాము ఒంటరి వాళ్లమనుకుని ముగ్గురూ ఊసులాడుకుంటున్నారు.

"వాళ్ల ఆఫీసు వాళ్లు వింటూనే ఉంటారుగా?" అన్నాను.

"వింటే మాత్రం? కరీంనగర్ తెలుగు ఎవరికి అర్థమవుతుంది?"

చేతికి దొరికిన పాలవాడి పుస్తకం తిరగేసి, వాళ్ల మాటలు రాయడం మొదలుపెట్టాను. ఎక్కడున్నారో తెలిసే మాట ఒక్కటి దొరక్కపోతుందా అని నా ఆశ. వాళ్లేమో అన్నీ చెబుతున్నారు, అదొక్కటి తప్ప. నీళ్లు ఒక్క డబ్బానే ఉన్నాయన్నారు. గాలి సముద్రం లోపలికి తోసుకుపోతోందన్నారు. పాటల ఆయన కాసేపు బతుకమ్మ పాట అందుకున్నాడు. ఆ తరవాత అన్నం సంగతి వచ్చింది.

"ఇయ్యాల శుక్రారం. అజైబ అక్క ఇంట్ల తింటుంటిమి."

"అక్క మనసు మంచిదే గని, గా పులుసుల బెల్లం ఎందుకేస్తదో సమజ్ గాదు. గది పులుసా, పాసెమా?" అన్నాడు నోరు మూతపడని ఆయన.

"ఊకో రా. ప్రేమతోని పెడ్తది. కండ్లు మూసుకొని మింగాలె."

నా చేతిలో బెల్లం ముక్క ఉంది, పులుసులో వేయడానికి. దాన్ని అలాగే డబ్బాలో పెట్టేశాను. కోపం వచ్చిందా అంటే వచ్చింది. కాని కోపం తీర్చుకోవాలన్నా ముందు వాళ్లు ఒడ్డుకు రావాలి కదా. ఆ మాట కూడా రాశాను, ఏ మాట దేనికి పనికొస్తుందో తెలియదని.

అప్పుడు నోరు మూతపడని ఆయన ఒక్కసారి అరిచాడు. "అగ్గో, ఇమానం! సక్కగ మన నెత్తి మీదికెల్లి పోతాంది సూడు!"

అదే క్షణంలో కుడి చెవిలో టకటకమని పైలటు గొంతు పలికింది. దిగడానికి వస్తున్నాననీ, ఇంకా ఇరవై ఐదు మైళ్ల దూరంలో ఉన్నాననీ చెప్పాడు. ఎడమ చెవిలో, ఆ మాటల వెనకాల, విమానం మోత కూడా సన్నగా వినిపించింది.

"ఏవండీ! వాళ్ల నెత్తి మీద విమానం! ఇప్పుడే! ఇరవై ఐదు మైళ్లు!"

మా వారు కుర్చీలోంచి లేచిన వేగానికి కుర్చీ పడిపోయింది. ఆయన దగ్గర ఒక మ్యాపు ఉండేది. విమానాలు ఏ దారిన దిగుతాయో సరదాకు పెన్సిల్‌తో గీసుకున్నారు. స్కేలు పెట్టి కొలిచి ఒకచోట సున్నా చుట్టారు. చూస్తే అది తీరానికి బాగా దూరంగా, బర్కా అనే ఊరికి ఎదురుగా సముద్రంలో ఉన్న దీవుల దగ్గర పడింది.

"అంత లోపలికా?" అన్నారు అనుమానంగా.

ఎడమ చెవిలో పెద్దాయన నిదానంగా అన్నాడు. "గా రాళ్ల గుట్టలు జూడు. మీద తెల్లగ పిట్టలు. ఒక్క మనిషి లేడు."

ఇక అనుమానం లేదు. మా వారు నేను రాసిన పాలవాడి పుస్తకమూ మ్యాపూ పట్టుకుని పికప్పులో సీబ్‌కు బయల్దేరారు. మా ఇంట్లో ఫోన్ లేదు. "నువ్వు వింటూనే ఉండు" అన్నారు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ. ఆ మాట చెప్పకపోయినా వినేదాన్నే.

సీబ్‌లో కంపెనీ రేడియో గదిలో జరిగింది ఆయన తరవాత చెప్పారు. అక్కడి ఆపరేటరు గోవా వాడు. పొద్దుట నఖుదా ఒకసారి ఇంజను ఆగిందని చెప్పి, ఎక్కడో చెప్పేలోపు మాట ముద్దయిపోయిందట. వెంటనే ఒక మోటారు పడవను ఒడ్డు వెంబడి వెతకడానికి పంపారు. అది ఏమీ కనపడక తిరిగొచ్చేసింది. ఆ తరవాత నుంచి రేడియోలో ఎడతెగకుండా ఏదో భాష.

"మలయాళం కాదు, తమిళం కాదు. మధ్యలో పాటలు. ఏదో స్టేషన్ నాటకం మన దాంట్లో దూరిందనుకున్నాను" అన్నాడట ఆపరేటరు.

"నాటకం కాదు. మీ మనుషులే" అని మా వారు పుస్తకం తీసి, హిందీలో గబగబా చదవడం మొదలుపెట్టారు. ఇంజను ఆగింది. నీళ్లు తక్కువున్నాయి. పులుసులో బెల్లం వేస్తారు. అక్కడ ఆయన ఆగారు.

"బెల్లం ఎవరు వేస్తారు?" అని అక్కడే ఉన్న కంపెనీ మేనేజరు అడిగాడు, చాలా శ్రద్ధగా.

"అది వేరే సంగతి" అన్నారట మా వారు.

మేనేజరు మ్యాపు చూశాడు. విమానం మాట విన్నాక మా వారి వంక ఎగాదిగా చూసి, "ఇదంతా మీరెలా విన్నారు?" అన్నాడు. మా వారికి అప్పుడు గుర్తొచ్చింది, స్కానర్లకు అనుమతి కాగితం లాంటిదేదీ తన దగ్గర లేదని. "మా ఆవిడ వింది" అన్నారట, నేనేదో మేడ మీద నిలబడి చెవి ఒగ్గి విన్నట్టు. ఈ ముక్క చెప్పినందుకు ఆయన్ను నేను చాలా కాలం క్షమించలేదు.

మోటారు పడవ దీవుల వైపు వెళ్లింది. ఇక్కడ నా పని కష్టమైంది. లాంచీ బ్యాటరీ తగ్గిపోతున్నట్టుంది, మాటలు పలచబడ్డాయి. ముగ్గురూ కూడా మాట్లాడ్డం తగ్గించారు. నోరు మూతపడని ఆయన పది నిమిషాలు నోరు మూసుకున్నాడు. అప్పుడు నిజంగా భయమేసింది. పొయ్యి ఆర్పేసి, హాల్లో నేల మీద కూర్చుని, ఎడమ చెవిని రెండు చేతులతో అదుముకున్నాను. మధ్యలో పాటల ఆయన గొంతు సన్నగా వినిపించింది. "అన్నా, ఇంటికి ఉత్తరం రాయక రెండు నెలలాయె." పెద్దాయన ఏమన్నాడో వినపడలేదు. ఆ మాట నేను కాగితం మీద రాయలేదు.

ఎంత సేపు గడిచిందో. ఉన్నట్టుండి ఒకేసారి మూడు అరుపులు.

"పడవ! పడవ అచ్చింది!"

"అంగీ ఇప్పి ఊపు! ఊపురా!"

నఖుదా అరబ్బీలో దేవుణ్ణి తలుచుకోవడం, ఇంకో మోటారు చప్పుడు, ఎవరో సంచులు జరపడం. టక్ మని ఒక చిన్న శబ్దం వచ్చింది. అంతే. ఎడమ చెవి ఖాళీ అయింది. బల్ల మీద స్కానరు ఎర్ర దీపాలు మళ్లీ వరసగా వెలుగుతూ కదిలాయి. నేను ఒక్కదాన్నే హాల్లో కూర్చుని చప్పట్లు కొట్టాను.

మరుసటి శుక్రవారం ముగ్గురూ వచ్చారు. చేతిలో మూర పొడుగు చేప. ఎండకు మొహాలు మాడిపోయాయి. పెద్దాయన గుమ్మంలోనే చేతులు జోడించాడు.

"మా పానాలు నిలవెట్టినవ్ అక్కా. మేనేజర్ చెప్పిండు, నువ్వే ఇన్నవట."

"అవును" అన్నాను. "పొద్దుటి నుంచీ విన్నాను. అన్నీ."

నోరు మూతపడని ఆయన చూపు నేల మీదికి దిగింది. "అన్నీ అంటే... ఏమేమిన్నవక్కా?"

నేను పాలవాడి పుస్తకం తీసి, కళ్లజోడు సర్దుకుని, పులుసు మాటలున్న చోటు చదివాను. అక్షరం పొల్లు పోకుండా. పాటల ఆయన చేపను అడ్డం పెట్టుకుని మొహం దాచుకున్నాడు. మా వారు నవ్వు ఆపుకోలేక లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు.

"ఇమానం సప్పుడుల నువ్వు తప్పిన్నవేమో అక్కా" అన్నాడు నోరు మూతపడని ఆయన, చివరి ప్రయత్నంగా.

"విమానం కుడి చెవిలో వచ్చింది. నువ్వు ఎడమ చెవిలో ఉన్నావు" అన్నాను.

ఆ రోజు చేపల పులుసు పెద్దాయన చేశాడు, వాళ్ల ఊరి పద్ధతిలో. కారానికి మా వారి కళ్లలోంచి నీళ్లు ధారగా కారాయి. కళ్లు మూసుకుని మింగమని నేను ఆయనకు సలహా ఇచ్చాను.

అనుమతి సంగతి మేనేజరే చూశాడు. అతను ఒక రోజు మా ఇంటికి వచ్చి, చెవులకు తగిలించుకుని అరగంట కదలకుండా కూర్చున్నాడు. మాట సాయం చేసి కాగితాలు ఇప్పించాడు. బదులుగా కంపెనీ లాంచీల రేడియోలన్నీ ఒకసారి చూసి పెట్టమని మా వారిని అడిగాడు. ఆయన ప్రతి లాంచీలోనూ మైకు వేలాడదీయడానికి ఒక కొక్కెం బిగించి, పక్కనే ఒక అట్ట అంటించారు. మాట్లాడేటప్పుడు మీట నొక్కండి, వినాలంటే వదలండి అని ఇంగ్లీషులో, అరబ్బీలో, హిందీలో రాయించారు. తెలుగులో రాసే పని నాకిచ్చారు. మా కాకినాడ తెలుగు వాళ్లకు ఎక్కుతుందో లేదోనని పెద్దాయన్ను పిలిచి అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి చెప్పింది చెప్పినట్టు రాశాను.

"మాట్లాడినంక వేలు తియ్యాలె. లేకుంటె అందరింటరు."